నీటిపై వేగము

మరపడవ ప్రొపెల్లరు సామాన్యముగా నీటిలో పూర్తిగా మునిగి తిరుగును. 1950 జూన్ 26న అమెరికాలోని వాషింగ్టన్ సరస్సుపై స్టాన్లీ సేయర్స్ నడిపిన ‘స్లో-మో-షన్ 4’ అను పడవకు మాత్రము అది సగమే మునిగెను. ఇరుసు నీటికి పైననుండుటచే అడ్డు తగ్గి, పడవ గంటకు 160 మైళ్లు, అనగా సుమారు 258 కిలోమీటర్లు, పోయెను. పూర్వపు ప్రపంచ రికార్డు 141 మైళ్లే. పేరునకు అర్థమో, మందగమనము!

ఇట్టి వేగమున పడవ అణియమును, అనగా ముందుభాగమును, ఎంత ఎత్తున నిలుపవలెనన్నదే చిక్కు. దిగినచో నీరు పట్టి లాగును. మిక్కిలి లేచినచో క్రింద గాలి దూరి పడవనే యెత్తివేయును. 1955లో అదే సరస్సుపై సేయర్స్ మరియొక పడవ ‘స్లో-మో-షన్ 5’ అట్లే లేచి, గాలిలో వెనుకకు పిల్లిమొగ్గ వేసి, మరల నీటిపై సరిగానే వాలెను. నడుపుచున్న లూ ఫేజియోల్ మాత్రము అందు లేడు. బయటకు విసరివేయబడి తీవ్రముగా గాయపడెను.