ఆ పార్టుల చీటీ మీరూ చదవండి

మీ అబ్బాయో అమ్మాయో గేమింగ్ కంప్యూటర్ కావాలని ఒక చీటీ రాసి మీ ముందు పెట్టారనుకోండి. ప్రాసెసర్, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, కూలర్, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్, మానిటర్. మన చూపు నేరుగా అడుగున వేసిన మొత్తం మీదికే పోతుంది. రెండు లక్షలు, మూడు లక్షలు, ఒక్కోసారి ఐదు. కొందరు "ఆటలకింత డబ్బా" అని చీటీ పక్కన పెట్టేస్తారు. ఇంకొందరు "నాకేం తెలుస్తుంది, నీకు తోచింది కొనుక్కో" అని డబ్బు చేతిలో పెట్టి తప్పుకుంటారు. ఈ రెండింట్లో ఏదీ చేయకండి. కూర్చుని ఆ చీటీ చదవండి.

పిల్లలు ఆ చీటీని చాలావరకు యూట్యూబ్ చూసి రాస్తారు. ఆ వీడియోలు చేసేవాళ్లలో ఎక్కువమంది చల్లని దేశాల్లో, ఏసీ స్టూడియోల్లో ఉంటారు. మే నెలలో మీ ఇంటి వెనక గది ఎంత కాగుతుందో, మీ బిల్డింగ్‌లో ఎర్తింగ్ ఏ స్థితిలో ఉందో, వాన పడితే కరెంటు ఎన్నిసార్లు వచ్చిపోతుందో, మెయిన్ రోడ్డు దుమ్ము కిటికీలోంచి ఎంత వస్తుందో వాళ్లకు తెలియదు. మీకు తెలుసు. మోడల్ నంబర్లు పిల్లలు చూసుకుంటారు. ఇంటి సంగతి మాత్రం మీరే చెప్పాలి.

మన హైదరాబాద్‌లోని తార్నాకలో అయితే ఇలాంటి సలహా చెప్పగలిగేవాళ్లకు కొదవ లేదు. ఇటు ఉస్మానియా యూనివర్సిటీ, 1929లో మొదలైన దాని ఇంజనీరింగ్ కాలేజీ. అటు ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ. హబ్సిగూడ వైపు వెళ్తే సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ కూడా మనకు దగ్గరే. మన దేశంలో రూపొందిన తొలితరం కంప్యూటర్లలో ఒకటైన టీడీసీ-12ను తయారుచేసింది ఆ సంస్థే. అక్కడ పనిచేసి రిటైరైన తాతయ్య మీ ఇంట్లోనో పక్క ఫ్లాట్‌లోనో ఉంటే చీటీ ఆయనకూ చూపించండి. ఇవాళ్టి గ్రాఫిక్స్ కార్డుల పేర్లు ఆయనకు తెలియకపోవచ్చు. పవర్ సప్లై గురించి ఆయన అడిగే ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మీ అబ్బాయి ఇంకాస్త నేర్చుకుంటాడు.

పార్టుల కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. రెండేళ్ల తర్వాత నువ్వు ఎక్కడుంటావు? ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉండి, జీఆర్‌ఈ పుస్తకాలు తిరగేస్తూ, ఎం.ఎస్.కు అమెరికా వెళ్లాలనుకుంటున్న పిల్లవాడికి పన్నెండు పదిహేను కిలోల క్యాబినెట్ కొనిస్తే, అది మీ ఇంట్లో గుడ్డ కప్పుకుని మిగిలిపోతుంది. అలాంటప్పుడు మంచి ల్యాప్‌టాప్ కొని మిగతా డబ్బు అప్లికేషన్లకు దాచడం మేలు. క్యాంపస్ హాస్టల్లో ఉండే పిల్లలకూ ఇదే నా సలహా. నలుగురితో పంచుకునే గదిలో, అందరూ వాడుకునే ప్లగ్గు మీద, లక్షల విలువైన యంత్రానికీ దాని యజమానికీ మనశ్శాంతి ఉండదు. ఇంట్లోనే ఉండి ఇంకా మూడు నాలుగేళ్లు చదువుకునేవాళ్లయితే అసెంబుల్డ్ కంప్యూటర్ గురించి నిశ్చింతగా మాట్లాడుకోవచ్చు.

"చదువుకు కూడా పనికొస్తుంది నాన్నా" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి, క్లాసు ప్రాజెక్టులకు మామూలు ల్యాప్‌టాప్ చాలు. బ్లెండర్‌లో త్రీడీ బొమ్మలు చేసేవాళ్లకు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు, మెషీన్ లెర్నింగ్ మోడళ్లను ఇంట్లోనే నడిపిద్దామనుకునేవాళ్లకు పెద్ద గ్రాఫిక్స్ కార్డు నిజంగా ఉపయోగపడుతుంది. ఇప్పటిదాకా ఏం చేశావో చూపించమని అడగండి. చూపించడానికేమీ లేకపోతే "ఆటలకోసమే అడుగుతున్నాను" అని ధైర్యంగా చెప్పే వీలు వాళ్లకివ్వండి. ఆడుకోవాలనుకోవడం నేరం కాదు. ఆ మాట ఇంట్లో సూటిగా చెప్పగలిగితే బేరం కూడా నిజాయితీగా సాగుతుంది. ఇదే కోరిక అమ్మాయి అడిగినప్పుడు "నీకెందుకే ఇవన్నీ" అనకండి. తమ్ముడినో అన్ననో ఏ ప్రశ్నలు అడుగుతారో ఆమెనూ అవే అడగండి.

ఇక డబ్బు. మొత్తం ఎంతన్నది మీరు చెప్పండి, దాన్ని ఎలా పంచాలో పిల్లలను చెప్పనివ్వండి. చీటీలో అన్నింటికన్నా పెద్ద అంకె గ్రాఫిక్స్ కార్డుదే. ఎన్విడియా 2025 జనవరిలో మన దేశానికి ప్రకటించిన ప్రారంభ ధరలు చూస్తే ఆర్‌టీఎక్స్ 5090 రూ.2,14,000, 5080 రూ.1,07,000, 5070 టీఐ రూ.80,000. దుకాణంలో చాలాసార్లు అంతకంటే ఎక్కువే పలుకుతాయి. 5080 నుంచి 5090కి వెళ్తే ధర రెట్టింపవుతుంది, ఆటలో వేగం మాత్రం రెట్టింపు కాదు. ఇల్లు గడిచే తీరు బట్టి 5070 టీఐ దగ్గర ఆగమని చెప్పడానికి మీరేమీ సంకోచించక్కర్లేదు. అది చిన్న కార్డేమీ కాదు, 16 జీబీ మెమరీ ఉంది. చవక మోడళ్లలో ఒక జాగ్రత్త అవసరం. 5060 టీఐ అనే ఒకే పేరుతో 8 జీబీ కార్డూ 16 జీబీ కార్డూ అమ్ముతారు. పెట్టె మీది అంకె చూసే తీసుకోండి.

కార్డు పక్కనే మానిటర్ ఏం రాశారో చూడండి. చాలా చీటీల్లో అసలు మానిటర్ ఉండదు, "పాతదే వాడుకుంటా" అంటారు. ఇంట్లో ఉన్న ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో దాదాపు 20 లక్షల చుక్కలుంటాయి, 1440పీలో 37 లక్షలు, 4కేలో 83 లక్షలు. ఆ చుక్కలన్నిటికీ రంగు లెక్కగట్టడమే గ్రాఫిక్స్ కార్డు పని. పైగా పాత మానిటర్ సెకనుకు 60 బొమ్మలే చూపిస్తుంది. లక్ష రూపాయల కార్డు సెకనుకు 200 బొమ్మలు గీసినా కంటికి చేరేవి ఆ 60 మాత్రమే. కార్డులో ఒక మెట్టు దిగి, ఆ మిగులుతో 27 అంగుళాల 1440పీ మానిటర్ కొనడం మంచి బేరం. కార్డు నాలుగైదేళ్లకు పాతబడుతుంది. మంచి మానిటర్ అంతకంటే ఎక్కువకాలం కళ్లముందు ఉంటుంది.

ప్రాసెసర్ దగ్గర పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఆటలకోసమే అయితే ఏఎండీ రైజెన్ 7 9800ఎక్స్3డీ లాంటిది ఎనిమిది కోర్లతోనే, తనలోని 96 ఎంబీ క్యాష్ మెమరీ బలంతో, అంతకన్నా ఖరీదైన పదహారు కోర్ల ప్రాసెసర్లకు దీటుగా నిలుస్తుంది. దానికి సరిపోయే ఏఎం5 బోర్డు తీసుకుంటే కొన్నేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా కొత్త ప్రాసెసర్ వేసుకునే అవకాశం కూడా ఉంది. ర్యామ్ 16 జీబీ స్టిక్కులు రెండు చాలు. నాలుగు స్లాట్లూ నింపితే డీడీఆర్5 వేగం తగ్గుతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. తయారీ కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు మొగ్గడమే కారణం. క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారాన్ని ఆపేస్తున్నట్టు మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులోనే ప్రకటించింది. కాబట్టి 64 జీబీ అని రాసి ఉంటే ఎందుకని అడగండి.

మీరు గట్టిగా పట్టుబట్టాల్సిన చోటు ఎస్‌ఎంపీఎస్, అంటే పవర్ సప్లై. అందులో లైట్లుండవు, అది క్యాబినెట్ అడుగున కనపడకుండా ఉంటుంది, అందుకే బడ్జెట్ మించినప్పుడు పిల్లలు మొదట కోసేది దాన్నే. కరెంటు ముందుగా చేరేది దానికే. అది చెడితే ఒక్కోసారి తనతోపాటు బోర్డునూ కార్డునూ తీసుకుపోతుంది. 5070 టీఐకి 750 వాట్లు, 5080కి 850, 5090కి 1000 వాట్ల సప్లై ఉండాలని ఎన్విడియానే చెబుతోంది. పేరున్న కంపెనీది, 80 ప్లస్ గోల్డ్ గుర్తు ఉన్నది, పదేళ్ల వారంటీ ఇచ్చేది తీసుకోండి. తర్వాత కార్డు మార్చినా అదే పనిచేస్తుంది. కార్డుకు వెళ్లే పదహారు పిన్నుల వైరు చివరిదాకా దిగిందో లేదో చేత్తో నొక్కి చూడమనండి. 2022లో 4090 కార్డులు వచ్చిన కొత్తలో వైరు సగమే దిగి కనెక్టర్లు కరిగిపోయిన ఘటనలు ప్రపంచమంతా వార్తలయ్యాయి.

దానికంటే ముందు గోడలో ఉన్న ప్లగ్గు సంగతి చూడాలి. తార్నాక వీధుల్లో పాత ఇళ్లు చాలానే ఉన్నాయి. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ వెనక ఇనుప రేకును తాకితే జివ్వుమంటోందా? అయితే ఎర్తింగ్ లేదని అనుమానించాలి. ఎస్‌ఎంపీఎస్ లోపలి చిన్న కెపాసిటర్ల నుంచి జారే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోవాలి. ఆ దారి తెగితే రేకు మీదే నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి సరిచేయించండి. ఆ ఖర్చు కూడా చీటీలో చేర్చాల్సిందే.

యూపీఎస్ విషయంలోనూ చాలామంది పొరబడతారు. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లే. ఆట మధ్యలో 500 వాట్లు లాగే యంత్రానికి అది ఆసరా కాలేదు, కరెంటు పోయిన క్షణంలోనే చేతులెత్తేస్తుంది. వాట్లు చూసి, ప్యూర్ సైన్‌వేవ్ ఇచ్చేది కొనండి. ఇంట్లో ఉన్న పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్‌కు కంప్యూటర్‌ను తగిలించవద్దు.

వేడి గురించి మీరే చెప్పాలన్నాను. యంత్రం లాగే ప్రతి వాటూ చివరికి ఆ గదిలో వేడిగానే మిగులుతుంది. తలుపులేసుకుని ఆడే చిన్న గదిలో 500 వాట్లంటే, మే నెల మధ్యాహ్నం చిన్న హీటరు వేసుకున్నట్టే. ఒక టన్ను ఏసీ శక్తిలో ఏడో వంతు దీనికే పోతుంది. కాబట్టి క్యాబినెట్ ముందు భాగం అద్దం కాకుండా జాలీ ఉన్నది ఎంచుకోమనండి. అందాల అద్దాల పెట్టె మీద మోజు మన వేసవికి పనికిరాదు. జాలీ వెనక తీసి కడగగలిగే ఫిల్టరు ఉండాలి, దాన్ని నెలకోసారి కడిగే బాధ్యత పిల్లలదే కావాలి. లిక్విడ్ కూలర్ తప్పనిసరేమీ కాదు. మంచి గాలి కూలర్ ఆ ప్రాసెసర్‌కు సరిపోతుంది, కారుతుందన్న భయమూ ఉండదు.

బిల్లు లెక్క కూడా వాళ్లచేతే వేయించండి. 500 వాట్ల చొప్పున రోజుకు నాలుగు గంటలంటే రెండు యూనిట్లు, నెలకు 60. గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు వాడి జీరో బిల్లు అందుకుంటున్న ఇల్లయితే ఈ 60 యూనిట్లు ఆ గీత దాటించవచ్చు. దాటిన నెలలో మొత్తం బిల్లూ కట్టాల్సిందే. ఎన్ని గంటలు ఆడాలన్న చర్చను క్రమశిక్షణ పేరుతో మొదలుపెడితే గొడవవుతుంది. మీటరు రీడింగు దగ్గర మొదలుపెడితే పిల్లలు వింటారు, తామే లెక్కలు వేస్తారు.

ఆటలంటేనే భయపడే తల్లిదండ్రులకు ఒక మాట. డబ్బు పందెం కాసే యాప్‌లు వేరు, ఈ కంప్యూటర్ మీద ఆడేవి వేరు. పందెపు ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా వాటిని నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపునిచ్చింది. అయినా ఆటే అన్నిటికంటే ముఖ్యమై, నిద్ర, చదువు, స్నేహాలు దెబ్బతింటున్నా ఆపలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగానే లెక్కిస్తోంది. ఇప్పటికే ఫోన్ విషయంలో ఆ ఛాయలు కనిపిస్తుంటే కొనుగోలు వాయిదా వేసి ముందు డాక్టరుతో మాట్లాడండి. లేకపోతే కంప్యూటర్‌ను హాల్లోనో, తలుపు తీసి ఉంచే గదిలోనో పెట్టించండి. పొద్దున ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దాకా నడకకు మీతో వచ్చే అలవాటుంటే దాన్ని పోనివ్వకండి. రాత్రి ఎప్పుడు పడుకున్నారో వేరే అడగకుండానే తెలుస్తుంది.

కొనడానికి ఇద్దరూ కలిసి వెళ్లండి. తార్నాకలో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ ప్యారడైజ్. అక్కడికి దగ్గర్లోనే పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే కంప్యూటర్ల బజారు. రెండు మూడు దుకాణాల్లో కొటేషన్ రాయించుకుని, ఆన్‌లైన్ ధరతో పోల్చి, ఆ రోజుకు వెనక్కి వచ్చేయండి. మరో రోజు కొనండి. బేరం మీ పిల్లలనే ఆడనివ్వండి, మీరు పక్కన నిలబడండి. బిల్లు లేకుండా తగ్గిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు రాయించండి. పెట్టె మీద భారతీయ దిగుమతిదారు స్టిక్కరు ఉందో చూడండి. బయటి దేశపు సరుకైతే ఇక్కడ వారంటీ దొరకడం కష్టం.

బిగించడం దుకాణంలో చేయిస్తే త్వరగా అయిపోతుంది. ఇంట్లో చేస్తానంటే మాత్రం తప్పకుండా చేయనివ్వండి, ఒక ఆదివారం దానికే కేటాయించి మీరూ పక్కన కూర్చోండి. ఏఎం5 బోర్డు సాకెట్‌లో 1718 సన్నని పిన్నులుంటాయి. ఒక్కటి వంగినా వారంటీ వర్తించదు కాబట్టి ప్రాసెసర్‌ను పెట్టేటప్పుడు నొక్కకూడదు, దానంతటదే కూర్చోవాలి. కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తీశారో లేదో మీరు అడగండి. మొదటిసారి స్విచ్ వేశాక తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండిపోవచ్చు. ర్యామ్‌ను బోర్డు పరీక్షించుకుంటోందన్నమాట, కంగారుపడి స్విచ్ ఆపవద్దు. మానిటర్ వైరు మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. విండోస్ ఎక్కించాక మానిటర్ రిఫ్రెష్ రేటు 60 దగ్గరే ఉండిపోతే సెట్టింగ్స్‌లో మార్చాలి. అది పూర్తయ్యాక బిల్లులన్నీ ఫొటో తీసి మీ ఫోన్‌లోనూ వాళ్ల ఫోన్‌లోనూ దాచండి. కార్డు పెట్టె, ఎస్‌ఎంపీఎస్ పెట్టె వారంటీ తీరేదాకా అటక మీద ఉంచండి.