వెనక్కి తిరిగే గంట

కడియపులంక నర్సరీల పక్కనుంచి పారే కాలువకు నీళ్లు ధవళేశ్వరం నుంచే వస్తాయి. అక్కడ గోదావరి మీద 1847లో కాటన్ దొర మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. లారీలు రాకముందు డెల్టా ధాన్యం ఈ కాలువల మీదే పడవల్లో తరలేది. ఆ నీటి మీద ఒక రోజంతా తెడ్డు వేసుకుంటూ గడపాలని కడియం కుర్రాళ్లకు అనిపిస్తే అందులో వింతేముంది?

ప్రయాణం అనుకోగానే చాలామంది పులిహోర పొట్లాల దగ్గర మొదలుపెడతారు. మొదట తేల్చుకోవలసింది వెనక్కి ఎప్పుడు తిరగాలన్నది.

ధవళేశ్వరం బ్యారేజీనే చూడండి. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. వరద ముంచుకొచ్చాక ఎవరూ కూర్చుని తర్జనభర్జన పడనక్కర్లేదు. ఆ అంకెలు ముందే ఖరారై ఉన్నాయి. మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు గీసుకున్న గీత, ఉత్సాహం ఉరకలేసే వేళ మనిషిని కాపాడుతుంది.

పడవ ప్రయాణానికీ అలాంటి అంకెలు కావాలి. ఉదయం ఏడింటికి బయల్దేరి సాయంత్రం నాలుగింటికల్లా రేవు చేరాలనుకుంటే, ఒంట్లో సత్తువ ఉండగానే ఎగువకు వెళ్లాలి. పదకొండున్నరకు ఎక్కడుంటే అక్కడ పడవ తిప్పేయాలి. అనుకున్న చోటు కళ్లెదుట కనిపిస్తున్నా సరే! "ఇంకో పావుగంటే కదా" అనే ఆ క్షణంలోనే నిగ్రహానికి అసలు పరీక్ష. తిరుగు ప్రయాణం ప్రవాహం వెంటే కదా అన్న ధీమా కూడదు; మధ్యాహ్నం ఎదురుగాలి లేస్తే చేతులు పడిపోతాయి.

కాలం కూడా చూసుకోవాలి. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. కాలువ దాటి నదిలోకి వెళ్లాలనుకుంటే, వానాకాలంలో ఎర్రనీరు దిగాక గోదావరి జోలికే పోకూడదు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి దాదాపు యాభై మంది చనిపోయారు. ఆ కడుపుకోతను గోదావరి జిల్లాలు మరిచిపోలేవు. చలికాలంలో నది నెమ్మదించాక కూడా బ్యారేజీ గేట్ల దరిదాపులకు పోకూడదు. లైఫ్ జాకెట్ పడవలో పడేయడం కాదు, రేవులోనే తొడుక్కోవాలి. వెళ్లేముందు అక్కడి పడవవాళ్లను అడగాలి. వాళ్లు వద్దంటే ఆ రోజుకు మానేయాలి.

ఇక మొహమాటం. నలుగురిలో ఒకడికి భయం వేస్తుంది, నవ్వుతారని నోరు విప్పడు. అందుకే బయల్దేరక ముందే ఒక మాట అనుకోవాలి: ఎవరు "చాలు" అన్నా పడవ తిరుగుతుంది, ఎందుకని ఎవరూ అడగరు. దారి, తిరిగొచ్చే వేళ కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లాలి.