చూచినదంతా నిరూపణ కాదు

ఉద్దేశం: దృశ్యమాధ్యమం మనలను ఒప్పించే మార్గాలను గుర్తించి, వాటిని పరీక్షించే దృష్టిని అలవరచుకోవడం.

పాఠ్యభాగం

ఎదుటివారిని ఒప్పించడం ఒక విద్య. క్రీ.పూ. 4వ శతాబ్దికి చెందిన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఇందుకు మూడు మార్గాలను పేర్కొన్నాడు. వక్తపై విశ్వాసం కలిగించడం మొదటిది. శ్రోత హృదయాన్ని కదిలించడం రెండవది. యుక్తితో నిరూపించడం మూడవది. మన ఆలంకారికులు కూడా ఉపదేశాన్ని ప్రభుసమ్మితం, మిత్రసమ్మితం, కాంతాసమ్మితం అని మూడు విధాలుగా చెప్పారు. ఆజ్ఞాపించే మాటకంటె మనసును రంజింపజేసే మాటకే మనిషి సులభంగా లోబడతాడని వారు గ్రహించారు.

2004లో అమెరికాలో విడుదలైన 'సూపర్ సైజ్ మీ' అనే డాక్యుమెంటరీ చిత్రంలో అరిస్టాటిల్ చెప్పిన మూడు మార్గాలూ కనిపిస్తాయి. దర్శకుడు మోర్గాన్ స్పర్లాక్ (1970-2024) 30 రోజులపాటు మూడు పూటలా మెక్‌డొనాల్డ్స్ ఆహారాన్నే భుజించాడు. పెద్ద పరిమాణం కావాలా అని విక్రేత అడిగితే కాదనరాదన్నది ఆయన పెట్టుకొన్న నియమం. నెల ముగిసేసరికి ఆయన బరువు సుమారు 11 కిలోలు పెరిగింది. దానిని తగ్గించుకోవడానికి సంవత్సరానికి పైగా పట్టింది.

దర్శకుడు తన శరీరాన్నే ప్రయోగశాలగా చేసుకొన్నాడు. ముగ్గురు వైద్యులను సాక్షులుగా నిలిపాడు. ఇది విశ్వాసమార్గం. తిన్నది ఇమడక వాంతి చేసుకొన్న దృశ్యం, ప్రయోగం ఆపివేయమన్న వైద్యుని హెచ్చరిక మన మనసును కలవరపెడతాయి. ఇది భావమార్గం. బరువు, కొలెస్టరాల్ అంకెలు యుక్తిమార్గానికి చెందినవి.

ఇక పరీక్షిద్దాం. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనడానికి ఒక్క వంటయిల్లు చూస్తే చాలదు. అనేక స్థలాలలో ఆ సంబంధం తప్పకుండా కనిపించాలి. దీనినే తార్కికులు వ్యాప్తి అన్నారు. ఈ చిత్రంలో ఉన్నది ఒక్క మనిషి, ఒక్క నెల. పైగా ఆయన మితిమీరి తిన్నాడు. నడకను కావాలనే తగ్గించాడు. హాని ఆహారస్వభావం వలన కలిగిందా, పరిమాణం వలన కలిగిందా అనే సందేహం మిగిలిపోతుంది. ముప్పై ఏళ్లుగా వారం రోజులకు మించి మద్యానికి దూరంగా ఉండలేదని 2017లో స్పర్లాక్ స్వయంగా ప్రకటించాడు. చిత్రంలో ఆయన కాలేయానికి కలిగిన హానిని చూచి కలవరపడిన ప్రేక్షకునికి ఈ సంగతి తెలియదు. ఆప్తవాక్యానికి బలం వక్త నిజాయితీయే కదా!

అయితే నిరూపణ బలహీనమైనంత మాత్రాన నిర్ణయం అసత్యమని తలచరాదు. అతిగా తినడం, వ్యాయామం మానడం హానికరమన్నది వైద్యశాస్త్రం వేరే ఆధారాలతో చెప్పిన సత్యం.

నెలలో పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటనలు, 'ముందు - తరువాత' ఛాయాచిత్రాలు మీ కంటబడుతూనే ఉంటాయి. వాటిని నమ్మి అన్నం మానివేసేవారిలో మీ ఈడువారూ ఉంటారు. సినిమాలో మోసపోతే పోయేది కాలం. ఆహారంలో మోసపోతే పోయేది ఆరోగ్యం. కనుక చెప్పేదెవరు, కదిలించేదేమిటి, నిరూపించినదెంత అనే మూడు ప్రశ్నలు వేసుకొన్న తరువాతనే తల ఊపండి.

అభ్యాసం

1. అరిస్టాటిల్ పేర్కొన్న మూడు మార్గాలను సోదాహరణంగా వివరించండి.
2. 'వ్యాప్తి' అనగానేమి? ఈ చిత్రంలో అది ఎందుకు సిద్ధించలేదు?
3. మీరు చూచిన ఒక ఆహార ప్రకటనను మూడు ప్రశ్నలతో పరీక్షించి పది వాక్యాలు రాయండి.