మడ అడవుల పునరుద్ధరణ: ఎచ్చట, ఎట్లు?

గోదావరి, కృష్ణా నదులు సముద్రమున గలియు చోట్ల ఉప్పునీటిలో పెరుగు మడ అడవులు గలవు. కాకినాడ చెంతనున్న కోరింగ అడవిని 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. రొయ్యపిల్లలకు, పీతలకు ఈ అడవి పురిటిల్లని తీరగ్రామముల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1999 అక్టోబరులో ఒడిశాను తాకిన పెనుతుఫానునందు, వెడల్పైన మడ అడవి అడ్డుగా నున్న గ్రామములలో ప్రాణనష్టము తక్కువగా నుండెనని కేంద్రపడా జిల్లాలో పిదప జరిగిన పరిశోధన తెలిపినది. పోయిన అడవిని తిరిగి పెంచవలెననుటలో వాదము లేదు. ఎచ్చట, ఎట్లు అనుటయే ప్రశ్న.

పంచాయతీ సభ్యులు మొక్కల సంఖ్యను నిర్ణయించుటకు ముందు, అచ్చట అడవి ఏల పోయెనో విచారింపవలెను. చెట్లు నరికిన పిదప నేల ఎండకు ఆరి, నడుమ పళ్ళెమువలె క్రుంగును. పోటునీరు అందులో చేరును గాని పాటువేళ వెలికి పోదు. నిలిచిన నీరు ఆవిరియైనకొలది ఉప్పు పేరుకొనును. మడ ఉప్పునీటి చెట్టే యైనను ఇంత ఉప్పు నోర్వజాలదు. అట్టి నేలలో లక్ష మొక్కలు నాటినను ఫలము శూన్యము.

దీనికి మందు కాలువ. సమీపపు పాయనుండి పెద్ద కాలువ త్రవ్వి, దాని కిరుప్రక్కల ఏటవాలుగా పిల్లకాలువలు తీయుదురు. పైనుండి చూచిన చేపముల్లును పోలియుండును. నీరు దినమునకు రెండుమార్లు వచ్చిపోవుచు ఉప్పును కడిగివేయును. మొక్కలను కాలువ వాలులందు నడిమి ఎత్తున నాటవలెను. అడుగున నాటిన మునిగిపోవును, గట్టుపై నాటిన ఎండిపోవును. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ గ్రామస్థులతో కలసి మన రెండు డెల్టాలలోను ఈ పద్ధతి ననుసరించినవి. విడిచిన రొయ్యల చెరువైనచో ముందు గట్టు తెగగొట్టి పోటునీటిని రానీయవలెను. చేరువలో తల్లిచెట్లున్న యెడల విత్తనములు నీటితోనే వచ్చును.

సముద్రమున కెదురుగానున్న బట్టబయలు బురదనేల ఎవ్వరికిని చెందినట్లు కనబడదు గనుక, అందరి చూపు దానిపైననే పడును. ఫిలిప్పైన్సులో అట్టిచోట్ల నాటిన మొక్కలలో పెక్కు చనిపోయినవి. పైగా అది పక్షులు మేయు చోటు, మత్స్యకారులు వల వేయు చోటు.

కాలిఫోర్నియా తీరమున కెల్ప్ అను పెద్ద సముద్రపు నాచు అడవులు గలవు. ముండ్ల బంతులవంటి సముద్రజీవులు వానిని మేసివేసిన తావులలో, ఆ జీవులను తొలగింపనిదే కొత్త నాచు నిలువదు. మనవద్ద ఆ పని గేదెలు చేయును! తెల్లమడ ఆకు వానికి మిక్కిలి ప్రీతి. కావున పశువుల కాపరులను, వంటచెరకు తెచ్చుకొను స్త్రీలను మొదటి సమావేశమునకే పిలువవలెను. వారికి వేరు మేత, వేరు కట్టె చూపక కంచె వేసిన, ఆ కంచె నిలువదు.

వృద్ధ మత్స్యకారుల నడిగిన పాత పాయల జాడ తెలియును. అమావాస్య, పౌర్ణమి పోటులకు నీరెంతవరకు వచ్చునో మేకులు పాతి గుర్తింపవలెను. భూమి రక్షితారణ్యమైనచో అటవీశాఖ అనుమతి లేనిదే పార వేయరాదు. కాలువల పూడికతీతకు సొమ్మును ఆదినుండియే ప్రణాళికలో చేర్చవలెను. రెండు వేసవులు గడచిన పిదప బ్రతికియున్న మొక్కలను లెక్కించి, ఆ లెక్కనే గ్రామసభలో చదువవలెను.