సాధనమున లేని గుర్తు – క్రియాక్రమ చిత్రములకు కొన్ని ఉపాయములు

ఉన్నత తరగతులలో కంప్యూటరు శాస్త్రము నభ్యసించు పిల్లలు ఇంటికి తెచ్చు పటములను చూచి, ఈ గుండ్రని మూలల పెట్టెలును బాణములును ఏమని తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. ఇవి యాక్టివిటీ డయాగ్రములు. మేము వీనిని తెలుగున క్రియాక్రమ చిత్రములని వ్యవహరింతుము. ఒక పని ఎచట మొదలై, ఎవరి చేతులు మారి, ఎచట ముగియునో చూపుట వీని ప్రయోజనము. ఇవి యు.ఎం.ఎల్. అను చిత్రభాషకు చెందినవి. ప్రధానముగా గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా, ఐవార్ జేకబ్సన్ అను మువ్వురు రూపొందించిన ఈ భాషను ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అను సంస్థ 1997లో ప్రమాణముగా స్వీకరించెను. 2005లో వెలువడిన రెండవ రూపము ఈ చిత్రముల అర్థమును చాలవరకు మార్చినది.

కాగితముపై గీసినంతసేపు ఏ గుర్తునకును కొదువ లేదు. కంప్యూటరుపై గీయునపుడే చిక్కు. భాషలో గల గుర్తులన్నియు ప్రతి సాధనములోను ఉండవు. అట్టి తరి, ఇంచుమించు అట్లే కనబడు మరియొక గుర్తును పెట్టిన నేమి యని విద్యార్థి తలంచును. అచటనే ప్రమాదము కలదు.

పాఠశాలలో ప్రవేశమునే ఉదాహరణముగా తీసికొందము. దరఖాస్తు వచ్చును. కార్యాలయమువారు పరిశీలింతురు. పత్రమేదైన లోపించినచో తిరిగి పంపుదురు. తల్లిదండ్రులు సరిచేసి తెచ్చిన పిమ్మట మరల పరిశీలన జరుగును. ఇపుడు ‘పరిశీలన’ అను పెట్టెకు రెండు బాణములు వచ్చుచున్నవి: ఒకటి క్రొత్త దరఖాస్తుది, రెండవది సరిచేసిన దరఖాస్తుది. చూచుటకు చిత్రము చక్కగనే యుండును. కాని రెండవ రూపపు నియమము ననుసరించి, ఒక పెట్టెకు రెండు బాణములు చేరినచో, రెంటివెంటను టోకెను వచ్చువరకు ఆ పని మొదలు కాదు. టోకెననగా వెనుకటి దినములలో బ్యాంకువారు చేతికిచ్చిన ఇత్తడి బిళ్ల వంటిదని భావింపుడు. క్రొత్త దరఖాస్తు, సరిచేసిన దరఖాస్తు కొఱకు వేచియుండును. సరిచేసినదో, పరిశీలన జరిగినగాని పుట్టదు. ఇక ఆ బిడ్డకు ప్రవేశ మెన్నటికి? మొదటి రూపములో ఇట్టి చిత్రము తప్పు గాదు. పాత పుస్తకములు చదివినవారు నేటికిని ఇట్లే గీయుచుండుటకు అదియే కారణము.

దీనికి మందు, పెట్టెకు ముందు మెర్జ్ అను డైమండు గుర్తు నుంచి, రెండు బాణములను అందు కలిపి, ఒకే బాణమును పెట్టెలోనికి పంపుట. సాధనమున ‘మెర్జ్’ అను పేరు కనబడక, ‘నిర్ణయము’ అను డైమండు మాత్రమే యున్నను చింత లేదు. రెంటికిని ఆకారమొక్కటియే. పెక్కు బాణములు వచ్చి ఒకటి పోయినచో అది మెర్జ్. ఒకటి వచ్చి పెక్కులు పోయినచో నిర్ణయము. కాని డైమండు లేదని నల్లని అడ్డుగీతను మాత్రము పెట్టరాదు. అది జాయిన్. అన్ని బాణములును రావలెననియే దాని అర్థము. ప్లాంట్ యు.ఎం.ఎల్. వంటి సాధనములలో బొమ్మను చేతితో గీయరు. మాటలలో వ్రాసినచో యంత్రమే గీయును. అచట బాణమును ఇష్టము వచ్చిన చోటికి వెనుకకు లాగ వీలులేకున్నను, ‘రిపీట్’ అను మాటతో వ్రాసినచో ఆ డైమండును యంత్రమే పెట్టును.

ఏ పని ఎవరిదో తెలుపుటకు నిలువు పట్టీలు గీయుట కలదు. పట్టీలకు వీలులేనిచోట పని పేరునకు పైన, కుండలీకరణములలో ‘కార్యాలయము’ అనియో ‘తల్లిదండ్రులు’ అనియో వ్రాసిన చాలును. ఇది మా కల్పన గాదు; ప్రమాణమే అనుమతించిన పద్ధతి. దూరపు బాణము తక్కినవానిని అడ్డముగా కోయుచున్నచో, దానిని త్రుంచి, రెండు కొనలయందును ఒకే అక్షరము గల చిన్న వృత్తములను పెట్టుటయు ప్రమాణసమ్మతమే.

తండ్రి దరఖాస్తును ఏ క్షణముననైన ఉపసంహరించుకొనవచ్చును గదా! దీనికి చుక్కల గీతతో చుట్టిన ప్రత్యేక ప్రదేశ మొకటి కలదు. సాధనమున అది లేనపుడు కొందరు చుక్కల గీతల పెట్టె నొకదానిని అలంకారముగా గీసి ఊరకుందురు. మాకది సమ్మతము కాదు. కంటికి అది గుర్తే. సాధనమునకు వట్టి గీత. దాచిన మాదిరిని వేరొక సాధనమునకు పంపినపుడు ఆ అర్థము వెంట రాదు. అంతకంటె, “ఉపసంహరించినచో ఇచటితో సమాప్తము” అని ఒక వివరణ చీటీ తగిలించుట మేలు. పెట్టె పెట్టెనుండి బాణములు లాగుట అన్నిటికంటె చెడ్డది, చిత్రము సాలెగూడగును.

మన పిల్లలకు మరియొక చిక్కు కలదు. పెట్టెలలో తెలుగు వ్రాసినపుడు కొన్ని సాధనములలో ‘దరఖాస్తు’లోని ఒత్తు విడిపోవును, లేక అక్షరముల స్థానమున ఖాళీ గళ్లు వచ్చును. అందుచేత ఫైలును యుటిఎఫ్-8 పద్ధతిలో దాచి, తెలుగు ఫాంటు నెన్నుకొని, ఒత్తులు గల మాటలతో ముందుగా పరీక్షింపవలెను. ఇతరులకు పంపునపుడు పిఎన్‌జి బొమ్మగా పంపుట క్షేమము. ఎస్‌విజి ఫైలులో అక్షరములు తఱచు అక్షరములుగనే యుండును గావున, చూచువారి యంత్రములో ఆ ఫాంటు లేనిచో రూపము మారును.

కంప్యూటరు ఎరుగని తల్లిదండ్రులును ఈ చిత్రములను పరీక్షింపవచ్చును. ఆరంభపు నల్లని చుక్కపై ఒక చింతగింజ నుంచి, బాణముల వెంట జరుపుడు. అడ్డుగీతనుండి రెండు బాణములు చీలినచోట రెండవ గింజను చేర్చుడు. రెండు బాణములు కలియు అడ్డుగీతవద్ద రెండు గింజలును చేరువరకు దాటనీయకుడు. దాటిన పిమ్మట ఒక్కదానినే సాగింపుడు. పెట్టెకు రెండు బాణములు వచ్చినను ఇదే నియమము. గింజ ఎచటనైన కదలక నిలిచినచో ఆ చోటును పెన్సిలుతో చుట్టి, బిడ్డచేత తిరిగి తరగతికి పంపుడు.