ఎడమకాలి వాపు - దాని మూలము

మన రెండు కాళ్లును ఒక్కరీతిగనే నిర్మింపబడినవని మనము తలంతుము. బయటికి చూడ నట్లే యున్నవి. కాని కాలిలో లోతుననుండు సిరలయందు రక్తము గడ్డకట్టు వ్యాధి కుడికాలికంటె ఎడమకాలికే హెచ్చుగ వచ్చుచున్నది. జర్మనీ దేశపు వైద్యుడగు రుడాల్ఫ్ విర్కో ఈ సంగతిని 1851వ సంవత్సరముననే గుర్తించెను. ఇట్లేల జరుగవలెను? కారణము కాలియందు లేదు. నడుము క్రింద, కటిప్రదేశమున నున్నది.

దీనిని గ్రహించుటకై మనము రక్తనాళముల దారిని కొంచెము నిదానించి చూడవలెను. హృదయమునుండి దిగివచ్చు బృహద్ధమని, నడుము వెన్నుపూసలలో నాలుగవదానియొద్ద రెండు శాఖలై, కాళ్లవైపునకు పోవును. కాళ్లనుండి రక్తమును పైకి కొనివచ్చు సిరలు రెండును ఐదవ పూసయొద్ద కలిసి అధోమహాసిర యగును. ఈ మహాసిర వెన్నెముకకు కుడిప్రక్కగ నుండును. కావున కుడిసిర ఇంచుమించు తిన్నగ పైకి పోవును. ఎడమసిరయో వెన్నుపూసను అడ్డముగ దాటి దానిని చేరవలెను. సరిగా ఆ దాటుచోటనే కుడికాలికి పోవు ధమని దానిమీదుగ సాగుచున్నది. ముందు ధమని, వెనుక ఎముక, నడుమ సిర! ధమని గోడ దళసరి, అందు రక్తపు ఒత్తిడి హెచ్చు; సిర గోడ పలుచన, ఒత్తిడి స్వల్పము. నొక్కబడున దేదియో వేఱుగ చెప్పనక్కఱలేదు.

1957లో మే, థర్నర్ అను ఇరువురు వైద్యులు 430 మృతదేహములను పరీక్షించి, నూటికి 22 వంతుల దేహములలో ఈ చోట సిర లోపలిగోడ దళసరియై అడ్డుపొర లేర్పడియుండుట కనుగొనిరి. ధమని విడువక కొట్టుకొనుచుండుటయే దీనికి హేతువని వారి తాత్పర్యము. ఈ వ్యాధి నేటికిని వారి పేరనే చెల్లుచున్నది. అయినను సిర నొక్కబడినవారందఱును రోగులని భ్రమింపరాదు. ఏ బాధయు నెఱుగక జీవితము గడపువారు అనేకులు.

లాకు మూసిన కాలువలో నీరు ఎగువను నిండి పిల్లకాలువలబడి పోవునట్లు, దారి యిఱుకైన రక్తము కాలిలో నిలిచి, తుంటిచుట్టునున్న చిన్న సిరలను ఉబ్బించుచు ప్రక్కదారి వెదకును. అప్పుడు సాయంకాలమునకు కాలు బరువెక్కును, వాచును. నడచునప్పుడు తొడయు తుంటియు పగిలిపోవునట్లు నొప్పి పుట్టును. ధమని మూసికొనుటచే వచ్చు నొప్పి కొంతసేపు నిలుచున్నంతనే తగ్గును. ఇది కాలు ఎత్తి పరుండినగాని సులభముగ తగ్గదు. నరము నొక్కబడుటచే వచ్చు తుంటినొప్పియందు సాధారణముగ వాపుండదు. ఈ భేదములను విద్యార్థులు మఱువకుందురుగాక.

మన యిండ్లలో ఇట్టి బాధను వాతమని తలచి తైలము మర్దించుచు దినములు గడపుట కలదు. ఇక్కడనే భయమున్నది. ఒక్క కాలే అకస్మాత్తుగ వాచి, వేడెక్కి, రంగు మాఱినయెడల లోపల రక్తము గడ్డకట్టి యుండవచ్చును. అట్టి కాలిని మర్దింపరాదు. గడ్డ ఊడి శ్వాసకోశములకు పోయెనేని ప్రాణాపాయము. ముఖ్యముగ బాలింతలయందును, శస్త్రచికిత్సానంతరము మంచము పట్టినవారియందును ఇట్టి వాపును ఒక్కదినమైనను ఉపేక్షింపక వైద్యుని కడకు కొనిపోవలెను. ఆయాసముగాని గుండెనొప్పిగాని తోడైనచో తత్క్షణమే.

కాలిని మాత్రము పరీక్షించిన ఈ నొక్కుడు కానరాకపోవచ్చును. కడుపులోతున నున్న సిరనుగూడ చిత్రించి చూడవలసియుండును. గడ్డకట్టినవారికి అది పెరుగకుండ మందు లిత్తురు. అవసరమగువారికి సన్నని లోహపుజాలి గొట్టమును ముడిచి, తొడయొద్ద చిన్న రంధ్రముద్వారా సిరలోనికి పంపి, నొక్కుడుచోట విప్పుదురు. ధమని తన స్థానముననే యుండును. దానిక్రింద సిర తెఱచికొనియుండును.