బ్యాటరీలలో సిలికాన్: గ్రాఫైట్ గిరాకీపై ప్రభావమెంత?

లిథియం అయాన్ బ్యాటరీల ఋణధ్రువంలో గ్రాఫైటుకు తోడుగా సిలికాన్ వాడకం పెరుగుతున్నది. 2021లో అమెరికాలో చేతికి ధరించే ఒక పరికరంలోను, 2023లో చైనా సెల్‌ఫోనులలోను ఈ తరహా బ్యాటరీలు మార్కెట్టుకు వచ్చాయి. మిశ్రమంలో సిలికాన్ పాలు చాలా రకాలలో కొద్ది శాతమే. కనుక గ్రాఫైటుకు ఢోకా లేదనిపించవచ్చు. లెక్క వేస్తే సంగతి వేరుగా ఉన్నది.

లెక్క ఇది

సిద్ధాంతరీత్యా గ్రాము గ్రాఫైట్ నిలువ చేయగలది 372 మిల్లీ ఆంపియర్ గంటలు. గ్రాము సిలికాన్ సుమారు 3,580. గ్రాఫైట్ 95 పాళ్లు, సిలికాన్ 5 పాళ్లు కలిపితే మిశ్రమం సామర్థ్యం గ్రాముకు 532కు చేరుతుంది. అంటే 100 కిలోల గ్రాఫైట్ చేసే పనికి 70 కిలోల మిశ్రమం చాలు. అందులో గ్రాఫైట్ 66.5 కిలోలు, సిలికాన్ 3.5 కిలోలు. మూడున్నర కిలోల కొత్త సరుకు 33 కిలోలకు పైగా పాత సరుకును తప్పిస్తున్నదన్న మాట.

ఆటంకాలు

అయితే ఇది కాగితం మీది లెక్క. పూర్తిగా ఛార్జి అయినపుడు సిలికాన్ ఘనపరిమాణం సుమారు 300 శాతం పెరుగుతుంది. గ్రాఫైట్ పెరిగేది 10 శాతం మాత్రమే. ఉబ్బిన రేణువులు పగులుతాయి. పగిలిన చోటల్లా కొత్త పొర ఏర్పడి లిథియమును హరిస్తుంది. బ్యాటరీ ఆయుర్దాయం తగ్గుతుంది. ఈ బెడద తగ్గించడానికి కొందరు ఉత్పత్తిదారులు సామర్థ్యం తక్కువైన సిలికాన్ ఆక్సైడును వాడుతున్నారు. మరికొందరు సిలేన్ వాయువునుంచి సిలికానును రంధ్రాలుగల కార్బన్ రేణువులలోకి దించుతున్నారు. అందుచేత గ్రాఫైట్ వాడకంలో వాస్తవపు కోత పై లెక్కకంటె తక్కువే.

ధరల విషయం

సిలికాన్ లోహంలో దీర్ఘకాలపు బేరాలకు ఇది ఆధారం కాజాలదు. 2022 డిసెంబరులో గ్వాంగ్‌జౌ ఎక్స్ఛేంజిలో వాయిదా వ్యాపారం మొదలైన సిలికాన్ ముఖ్యంగా అల్యూమినియం మిశ్రమ లోహాలకు, సిలికోనులకు, సౌర ఫలకాల ముడిసరుకుకు పోతుంది. గాలి తగిలితే మండే సిలేన్ వాయువుతో తయారయ్యే బ్యాటరీ సరుకులో ఖర్చంతా శుద్ధి, తయారీలదే. లోహం ధర పాత్ర స్వల్పం.

బ్యాటరీల మొత్తం ఉత్పత్తి పెరిగితే గ్రాఫైట్ అమ్మకాలూ పెరగవచ్చు. కాని బ్యాటరీ ఒక్కింటికి పట్టే సరుకు తగ్గుతుంది. కాబట్టి గ్రాఫైట్ స్టాకిస్టులు కొనుగోలుదారును అడగవలసినది సిలికాన్ శాతమొక్కటే కాదు. మిశ్రమం గ్రాముకు ఎన్ని మిల్లీ ఆంపియర్ గంటలు ఇస్తున్నదన్నది. గిరాకీ లెక్క ఆ అంకె మీదనే తేలుతుంది.